చిప్‌లో మాగ్నెటో-ఆప్టిక్ ఐసోలేటర్: గార్నెట్‌ను తయారీలో ఏ దశలో చేర్చాలి?

అమలాపురంలో ఉంటూ ఎం.టెక్. చేస్తున్న ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది. "సిలికాన్ ఫోటానిక్ చిప్ మీద లేజర్ పక్కనే ఆప్టికల్ ఐసోలేటర్ పెట్టాలంటే సీరియం కలిపిన యిట్రియం ఐరన్ గార్నెట్ కావాలని చదివాను. మరి చిప్ తయారయ్యే ఫ్యాబ్‌లోనే ఆ పొర ఎందుకు వేయడం లేదు? వేయాలంటే ఏ దశలో వేయాలి? మా కళాశాలలో స్పట్టరింగ్ యంత్రం ఒకటి ఉంది. దానితో నేను చేయదగిన పని ఏమైనా ఉందా?"

నాది రాజోలు ప్రాంతం. ఫోటానిక్ చిప్‌ల ప్రాసెస్ ఇంటిగ్రేషన్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మన జిల్లా నుంచి ఇలాంటి ప్రశ్న రావడం నాకు నిజంగా సంతోషం కలిగించింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కొత్తవారి కోసం మూడు మాటలు: ఆప్టికల్ ఐసోలేటర్ అంటే కాంతిని ఒకవైపే పోనిచ్చే పరికరం, గార్నెట్ దానికి కావలసిన అయస్కాంత గుణమున్న స్ఫటిక పదార్థం, ఫ్యాబ్ అంటే చిప్‌లు తయారయ్యే కర్మాగారం. ఇక సూటిగా జవాబు. గార్నెట్‌ను ఫ్యాబ్ లోపల, ట్రాన్సిస్టర్లూ లోహపు తీగలూ తయారయ్యే క్రమంలో చేర్చకూడదు. చిప్ ఫ్యాబ్ నుంచి బయటికి వచ్చిన తర్వాత, ప్యాకేజింగ్‌కు ముందు చేర్చాలి. అది కూడా చిప్ మీద స్ఫటికాన్ని పెంచడం కన్నా, వేరేచోట పెంచిన మంచి స్ఫటికపు పొరను తెచ్చి తక్కువ ఉష్ణోగ్రత వద్ద అతికించడమే మేలని నా అభిప్రాయం. దీనితో ఏకీభవించని పరిశోధకులు ఉన్నారు, వారి వాదనలో బలం కూడా ఉంది. అది తర్వాత చెబుతాను.

ఐసోలేటర్ అవసరం ఎక్కడిదో చూద్దాం. లేజర్ నుంచి బయలుదేరిన కాంతి దారిలో ఎదురయ్యే ప్రతి అంచు దగ్గరా కొంత వెనక్కి తిరుగుతుంది. గాజు ఫైబర్ కొస దగ్గర ఇది 4 శాతం లోపే. కాని సిలికాన్ నుంచి నేరుగా గాలిలోకి వచ్చే అంచు దగ్గర దాదాపు 30 శాతం. పూత వేసి, అంచును వంచి దీన్ని బాగా తగ్గించవచ్చు, సున్నా చేయలేము. వెనక్కి వచ్చిన కాంతి లేజర్ లోపలికి చేరితే దాని తరంగదైర్ఘ్యం ఊగుతుంది, శబ్దం పెరుగుతుంది. మామూలు డీఎఫ్‌బీ (డిస్ట్రిబ్యూటెడ్ ఫీడ్‌బ్యాక్) లేజర్లలో ఆ కాంతి ఒక హద్దు దాటితే లేజర్ పొందిక పూర్తిగా చెడిపోతుంది.

శంకరగుప్తం డ్రెయిన్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. మురుగు సముద్రానికి పోవలసిన దారిలోనే పోటు సమయంలో ఉప్పునీరు ఎదురెక్కి వస్తే గట్ల వెంట కొబ్బరి చెట్లు ఎలా మోడులైపోయాయో చూశాం. అలా జరగకుండా కాలువ చివర స్లూయిజ్‌కు ఒకవైపే తెరుచుకునే తలుపులు పెడతారు. కాంతికి కావలసింది కూడా అలాంటి తలుపే. అయితే పోలిక ఇక్కడితో ఆగిపోతుంది, ఆగిపోయే చోటే అసలు విషయం ఉంది. స్లూయిజ్ తలుపును నీటి ఒత్తిడే తోసి మూస్తుంది. మామూలు పదార్థంలో కాంతికి ఆ అవకాశం లేదు. గాజు, సిలికాన్, సిలికాన్ నైట్రైడ్ లాంటి వాటిలో మీరు ఎంత వంకర ఆకారం చెక్కినా సరే, ఒక మోడ్ (కాంతి నడిచే ఒక స్థిరమైన రూపం) అటు నుంచి ఇటు ఎంత దాటితే ఇటు నుంచి అటు కూడా అంతే దాటుతుంది. దీనిని లోరెంజ్ రెసిప్రాసిటీ అంటారు. అయస్కాంత క్షేత్రంలో ఉన్న గార్నెట్‌లో ఈ సమరూపత చెదురుతుంది, ఎందుకంటే క్షేత్రం దిశ కాంతి ఎటు పోతున్నా మారదు. 1845లో మైకేల్ ఫారడే సీసం కలిసిన బరువైన గాజులో చూసింది ఇదే. కాంతి తిరిగి వచ్చినప్పుడు పోలరైజేషన్ (కాంతి విద్యుత్ క్షేత్రం ఊగే దిశ) భ్రమణం రద్దు కాకుండా రెట్టింపవుతుంది. వెళ్లేటప్పుడు 45 డిగ్రీలు, వచ్చేటప్పుడు మరో 45 డిగ్రీలు. మొత్తం 90 డిగ్రీలు తిరిగిన కాంతిని పోలరైజర్ ఆపేస్తుంది. ఫైబర్ నెట్‌వర్కులలో వాడే గార్నెట్ ఐసోలేటర్లన్నీ ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి.

చిప్ మీదికి వచ్చేసరికి ఇది చాలదు. లెక్క వేసి చూడండి. శుద్ధ యిట్రియం ఐరన్ గార్నెట్, అంటే మనం పరిశోధనశాలల్లో యిగ్ అని పిలిచేది, 1550 నానోమీటర్ల దగ్గర సెంటీమీటరుకు సుమారు 200 డిగ్రీలు తిప్పుతుంది. 45 డిగ్రీలకు 2 మిల్లీమీటర్ల పైన పొడవు కావాలి. యిట్రియంలో మూడో వంతు తీసి సీరియం పెడితే మంచి పొరలో భ్రమణం సెంటీమీటరుకు 4500 డిగ్రీల దాకా పోతుంది. అప్పుడు 100 మైక్రోమీటర్లు చాలు. కాగితం మీద సమస్య తీరిపోయినట్టే కనిపిస్తుంది. కాని సిలికాన్ వేవ్‌గైడ్‌లో, అంటే చిప్ మీద కాంతి నడిచే సన్నని దారిలో, టీఈ (విద్యుత్ క్షేత్రం చిప్ తలంలో ఉండేది), టీఎం (దానికి నిలువుగా ఉండేది) మోడ్‌ల వేగాలు ఒకటి కావు. కాంతి కొద్ది దూరం పోయేసరికి రెండింటి దశలు తప్పిపోయి, తిరిగిన పోలరైజేషన్ మళ్లీ వెనక్కి తిరిగిపోతుంది. అందుకే చిప్ మీద పనిచేసేవారు చాలామంది భ్రమణాన్ని వదిలేసి, రెండు దిశల్లో దశ వేరువేరుగా మారే నాన్‌రెసిప్రోకల్ ఫేజ్ షిఫ్ట్‌ను పట్టుకున్నారు.

దాన్ని మాక్-జెండర్‌లో, అంటే కాంతిని రెండు దారులుగా చీల్చి మళ్లీ కలిపే అమరికలో, వాడే తీరు ఇంజనీరింగ్‌లో నాకు బాగా ఇష్టమైన వాటిలో ఒకటి. రెండు చేతులుంటాయి, వాటి మీద గార్నెట్ అయస్కాంతీకరణ ఎదురెదురు దిశల్లో ఉంటుంది. ఒక చేతి పొడవును కొంచెం పెంచి పావు తరంగమంత, అంటే 90 డిగ్రీల మామూలు దశ తేడా పెడతారు. ముందుకు పోయే కాంతికి అయస్కాంతం ఇచ్చే 90 డిగ్రీలు దీనికి వ్యతిరేకంగా పడి మొత్తం సున్నా అవుతుంది, కాంతి బయటికి వస్తుంది. వెనక్కి వచ్చే కాంతికి అయస్కాంతపు గుర్తు మారి రెండూ కలిసి 180 డిగ్రీలవుతాయి, కాంతి రద్దవుతుంది. ఇక్కడ పోలరైజర్ అక్కర లేదు, మోడ్‌ల వేగాలు కలపనక్కర లేదు.

ఇందులో ఒక చిక్కు ఉంది, మీరు సిమ్యులేషన్ మొదలుపెట్టగానే తగులుతుంది. గార్నెట్‌ను వేవ్‌గైడ్ పైన పెట్టి, క్షేత్రాన్ని చిప్ తలంలో అడ్డంగా ఇస్తే ఈ ప్రభావం టీఎం మోడ్‌కే వస్తుంది. లేజర్లు ఇచ్చేది ఎక్కువగా టీఈ. కనుక రెండు పక్కలా పోలరైజేషన్ రొటేటర్లు పెట్టాలి, లేదా గార్నెట్‌ను వేవ్‌గైడ్ ఒక పక్క గోడకు ఆనించి క్షేత్రాన్ని నిలువుగా ఇవ్వాలి. మొదటి పద్ధతిలో కాంతి నష్టం పెరుగుతుంది, రెండో పద్ధతిలో తయారీ కష్టమవుతుంది.

ఇక ఫ్యాబ్ సంగతి. మీ ప్రశ్నకు గుండె ఇక్కడే ఉంది.

స్పట్టర్ చేసిన, అంటే టార్గెట్ అనే దిమ్మను అయాన్లతో కొట్టి రాల్చిన పరమాణువులతో పొరగా పరిచిన గార్నెట్ మొదట అస్ఫటికంగా ఉంటుంది, దానికి మాగ్నెటో-ఆప్టిక్ విలువ దాదాపు ఉండదు. గార్నెట్ నిర్మాణం ఏర్పడాలంటే 650 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేయాలి. కొన్ని నిమిషాల ర్యాపిడ్ థర్మల్ ఎనీలింగ్ సరిపోతుంది కాని ఆ ఉష్ణోగ్రత తప్పదు. చిప్‌లో లోహపు పొరలు పడిన తర్వాత మాత్రం 400, మహా అయితే 450 డిగ్రీలు దాటకూడదు. అల్యూమినియం సిలికాన్‌తో కలిసి 577 డిగ్రీలకే కరుగుతుంది. రాగి తీగల చుట్టూ ఉండే ఇన్సులేటర్ అంతకంటే ముందే చెడుతుంది. కాబట్టి లోహాలు పడ్డాక గార్నెట్‌ను చిప్ మీద ఉడికించలేము.

అయితే లోహాలకు ముందే వేద్దామా? అక్కడ ఇనుము అడ్డం వస్తుంది. గార్నెట్ సూత్రంలో ప్రతి యూనిట్‌కూ ఐదు ఇనుము పరమాణువులు. సిలికాన్‌లో ఇనుము వేడి మీద చాలా వేగంగా వ్యాపిస్తుంది. బోరాన్ ఉన్న చోట దానితో జత కడుతుంది, ఎలక్ట్రాన్‌ల ఆయుష్షు తగ్గిస్తుంది, గేటు ఆక్సైడ్‌ను బలహీనపరుస్తుంది. ఫ్యాబ్‌లు వేఫర్ (చిప్‌లు చెక్కే సిలికాన్ పళ్లెం) ఉపరితలం మీద లోహ కాలుష్యాన్ని చదరపు సెంటీమీటరుకు వెయ్యి కోట్ల పరమాణువుల స్థాయిలో చూసుకుంటాయి. సిలికాన్ ఉపరితలం మీద అదే వైశాల్యంలో ఉండే పరమాణువులతో పోలిస్తే అది లక్షలో ఒకటి రెండు వంతులే. అలాంటి చోటికి ఐరన్ గార్నెట్ పూసిన వేఫర్ తీసుకెళ్లి ఫర్నేసులో పెడతామంటే ఏ ప్రాసెస్ ఇంజనీరూ ఒప్పుకోరు. అది మొండితనం కాదు, ఆ ఫర్నేసులో తర్వాత పోయే వేరేవారి వేఫర్ల బాధ్యత కూడా వారిదే.

కాలుష్యం అంటే పూత వేసే యంత్రం గురించే ఆలోచిస్తారు, ఎచింగ్ (అక్కరలేని భాగాన్ని కొరికేయడం) గురించి ఆలోచించరు. గార్నెట్‌ను కావలసిన ఆకారంలో మిగిల్చడానికి పొడి ఎచింగ్ చేస్తే ఇనుము, యిట్రియం క్లోరైడ్‌లు ఆవిరిగా పోవు. అవి చాంబర్ గోడలకు అంటుకుంటాయి, తర్వాత వచ్చే వేఫర్ మీద రాలతాయి. వేడి ఫాస్ఫారిక్ ఆమ్లంతో తడి ఎచింగ్ చేయవచ్చు, అంచులు నున్నగా రావు. నన్ను అడిగితే ఎచింగ్ లేకుండా పని చేసుకోవడమే మంచిది. గది ఉష్ణోగ్రత దగ్గర స్పట్టర్ చేసి, రెసిస్ట్ అనే తాత్కాలిక పూతను దాని మీది పొరతో సహా లిఫ్ట్-ఆఫ్ పద్ధతిలో తీసేసి, మిగిలిన చిన్న ముక్కలనే వేడి చేస్తే సరిపోతుంది.

చిన్న ముక్కలు అన్నాను, దానికి మరో కారణం ఉంది. యిగ్ స్ఫటికపు యూనిట్ సెల్ 12.376 ఆంగ్‌స్ట్రామ్‌లు, సిలికాన్‌ది 5.431. రెండింటికీ పొంతన లేదు, కనుక సిలికాన్ మీద గార్నెట్ ఒకే స్ఫటికంగా పెరగదు, ఎన్నో రేణువులుగా వస్తుంది. పైగా వేడికి గార్నెట్ సిలికాన్ కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. 700 డిగ్రీల నుంచి చల్లారేటప్పుడు పొర ఎక్కువగా కుంచించుకుపోవాలని చూస్తుంది, కింది సిలికాన్ పోనివ్వదు. పొరలో వెయ్యికి ఐదు వంతుల సాగుదల మిగులుతుంది. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ఎండిన వరి మడిలో నెరియల్లాంటి పగుళ్లు కాదు, ఒకదానికొకటి దాదాపు లంబంగా తెగే సన్నని గీతలు కనిపిస్తాయి. అవి వేవ్‌గైడ్‌ను దాటిన ప్రతి చోటా కాంతి చెదిరిపోతుంది. వేఫరంతా పరిచిన పొర కంటే, కొన్ని పదుల మైక్రోమీటర్ల వెడల్పున్న ముక్క పగలడం తక్కువ.

ఇన్ని ఇబ్బందుల మధ్య కూడా గట్టి పని జరిగింది. 2008లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన యుయా షోజి, తెత్సుయా మిజుమోటో బృందం గార్నెట్ వేఫర్ మీద విడిగా పెంచిన సీరియం యిగ్‌ను సిలికాన్ వేవ్‌గైడ్ మీద నేరుగా అతికించి, మాక్-జెండర్ ఐసోలేటర్‌లో 21 డెసిబెల్‌ల ఐసోలేషన్ (ప్రతి 10 డెసిబెల్‌లకు వెనక్కి దాటే కాంతి పదో వంతుకు పడుతుంది) చూపింది. 2011లో ఎంఐటీలో లే బి, కెరొలిన్ రాస్ బృందం పల్స్‌డ్ లేజర్ డిపాజిషన్‌తో (లేజర్ దెబ్బలతో పదార్థాన్ని ఆవిరి చేసి పొర వేయడం) గార్నెట్‌ను సిలికాన్ రెజొనేటర్ (కాంతి చుట్టూ తిరిగే మూసిన దారి) మీదే పెంచి 19.5 డెసిబెల్‌లు సాధించింది. అందులోని కిటుకు సీడ్ లేయర్. ముందు పలుచని శుద్ధ యిగ్ పొర వేసి స్ఫటికీకరించి, దాని మీద సీరియం పొర వేశారు. అడుగు పొర నమూనా ఇవ్వకపోతే సీరియం గార్నెట్ సరిగా ఏర్పడదు. కాని ఆ అడుగు పొర వేవ్‌గైడ్‌కూ సీరియం పొరకూ మధ్య కూర్చుంటుంది, కాంతి సీరియం దాకా తక్కువగా చేరుతుంది. దీన్ని తప్పించడానికే తర్వాత సీడ్ పొరను పైన వేసి కిందికి స్ఫటికీకరించే పద్ధతి వచ్చింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో బెథనీ స్టాడ్లర్ బృందం సీడ్ పొరే అక్కర లేని టెర్బియం ఐరన్ గార్నెట్ మీద పనిచేసింది. శాంటా బార్బరాలో జాన్ బవర్స్ బృందం, అతికించిన గార్నెట్ మీద చిన్న లోహపు తీగ వేసి, విడి అయస్కాంతం లేకుండా విద్యుత్తుతోనే క్షేత్రం పుట్టించింది. వారి రింగు ఐసోలేటర్ 32 డెసిబెల్‌లు ఇచ్చింది.

పెంచే పద్ధతిని సమర్థించేవారి వాదన న్యాయమైనదే అని ముందే అన్నాను. అతికించడానికి వాడే గార్నెట్ వేఫర్లు చిన్నవి, 3 లేదా 4 అంగుళాలవి. ఫ్యాబ్ వేఫర్లు 200, 300 మిల్లీమీటర్లవి. ఒక్కొక్క చిప్ మీద ఒక్కొక్క ముక్క పెట్టుకుంటూ పోతే ఖర్చు పెరుగుతుంది. స్పట్టరింగ్ అయితే వేఫరంతా ఒకేసారి. ఇది నిజమే. కాని నేను లెక్కలో మొదట చూసేది నష్టం. బజారులో దొరికే విడి ఐసోలేటర్ అర డెసిబెల్ అటూ ఇటూ నష్టంతో 30 డెసిబెల్‌ల ఐసోలేషన్ ఇస్తుంది. చిప్ మీదివి చాలా వరకు కొన్ని డెసిబెల్‌లు తింటాయి. 3 డెసిబెల్‌లు పోయాయంటే లేజర్ శక్తిలో సగం పోయిందని అర్థం, దాన్ని పూడ్చడానికి లేజర్‌కు రెండింతలు కరెంటు పెడితే వేడి, విద్యుత్ ఖర్చు రెండూ పెరుగుతాయి. రేణువుల మధ్య సరిహద్దులు, పగుళ్లు, తప్పు ఆక్సీకరణ స్థితిలో ఉన్న సీరియం, ఇవన్నీ నష్టాన్ని పెంచేవే. ఒకే స్ఫటికంగా పెంచి తెచ్చిన పొరలో ఇవి తక్కువ. ప్లాస్మాతో ఉపరితలం శుభ్రం చేసి 200 నుంచి 250 డిగ్రీల దగ్గర అతికిస్తే లోహాలకు ముప్పు లేదు. అప్పటికి వేఫర్ ఫ్యాబ్ గడప దాటి బయటికి వచ్చేసి ఉంటుంది కనుక ఇనుము భయమూ లేదు. ఈ మధ్య ట్రాన్స్‌ఫర్ ప్రింటింగ్‌తో, అంటే రబ్బరు స్టాంపుతో చిన్న చిన్న గార్నెట్ ముక్కలను ఒకేసారి ఎత్తి పెట్టే పని మీద పరిశోధన జరుగుతోంది. వేఫర్ సైజు అభ్యంతరానికి అదే జవాబు అవుతుందని నమ్ముతున్నాను.

ప్యాకేజింగ్‌లో ఒక విషయం ముందే చూసుకోవాలి. సీసం లేని సోల్డర్‌ను రీఫ్లో చేసేటప్పుడు, అంటే కరిగించి అతికించేటప్పుడు, బోర్డు 245 నుంచి 260 డిగ్రీలకు చేరుతుంది. యిగ్ అయస్కాంత గుణం కోల్పోయే ఉష్ణోగ్రత సుమారు 287 డిగ్రీలు, చల్లారగానే గుణం తిరిగి వస్తుంది కనుక అది ఫర్వాలేదు. పక్కన పెట్టే నియోడిమియం అయస్కాంతం మాత్రం ఆ వేడికి బలం పోగొట్టుకోవచ్చు, అది చల్లారాక తనంతట తిరిగి రాదు. సమేరియం కోబాల్ట్ వాడండి, లేదా రీఫ్లో అయ్యాక అయస్కాంతీకరించండి.

అయస్కాంతమే లేకుండా చేసే దారుల గురించి కూడా అడుగుతారు కనుక క్లుప్తంగా చెబుతాను. వేవ్‌గైడ్ వక్రీభవన గుణకాన్ని కాలంతో పాటు మార్చుతూ రెసిప్రాసిటీని భంగపరచవచ్చని 2009లో స్టాన్‌ఫర్డ్‌లో జోంగ్‌ఫు యు, షాన్‌హుయ్ ఫాన్ ప్రతిపాదించారు. పని చేస్తుంది, కాని ఎప్పుడూ రేడియో పౌనఃపున్య సంకేతం ఇస్తూ ఉండాలి. సిలికాన్ నైట్రైడ్ రింగులలో కెర్ ప్రభావంతో (కాంతి తీవ్రతను బట్టి వక్రీభవన గుణకం మారడం) చేసిన ఐసోలేటర్లు వచ్చాయి. వాటికి ముందుకు పోయే కాంతి ఎప్పుడూ ఉండాలి, పైగా ముందు వైపు బలమైన కాంతి నడుస్తుండగా వెనక నుంచి వచ్చే చిన్న సంకేతాన్ని ఆపడంలో ఇలాంటి నాన్‌లీనియర్ పరికరాలకు మౌలికమైన పరిమితి ఉందని 2015లో ఫాన్ బృందమే చూపింది. క్వాంటమ్ డాట్ లేజర్లు ప్రతిబింబాలను బాగా తట్టుకుంటాయి, కొన్ని వ్యవస్థల్లో ఐసోలేటర్ లేకుండానే నడుస్తాయి. ఇక డేటా సెంటర్ల కో-ప్యాకేజ్డ్ ఆప్టిక్స్‌లో (కాంతి భాగాలను ప్రధాన చిప్ ప్యాకేజీలోనే పెట్టడం) లేజర్‌ను చిప్ బయట విడి మాడ్యూల్‌గా పెట్టే పద్ధతి బాగా వ్యాపించింది, విడి ఐసోలేటర్‌ను ఆ మాడ్యూల్‌లోనే పెట్టుకోవచ్చు. చిప్ మీది ఐసోలేటర్‌కు అసలైన పోటీ ఇదే. మీ థీసిస్ మొదటి అధ్యాయంలో ఈ పోటీ గురించి దాచకుండా రాయండి.

ఇప్పుడు మీ స్పట్టరింగ్ యంత్రం. దీనితో చేయదగిన పని ఉంది.

టార్గెట్ మీరే తయారు చేసుకోవచ్చు. యిట్రియం ఆక్సైడ్, సీరియం ఆక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ పొడులను తూకం వేసి, బాల్ మిల్లులో కలిపి, నొక్కి, 1400 డిగ్రీల ప్రాంతంలో సింటర్ చేయాలి, అంటే కరగకుండా గట్టి దిమ్మగా కాల్చాలి. మన ఊళ్లలో ఇక్కడే ఒక జాగ్రత్త కావాలి. యిట్రియం ఆక్సైడ్ గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటుంది. ఆషాఢ, శ్రావణాల్లో కోనసీమ గాలిలో సీసా మూత తీసి తూకం వేస్తే, మీరు తూచిన బరువులో కొంత నీరే. యిట్రియం తగ్గి ఇనుము ఎక్కువైన టార్గెట్ వస్తుంది, పొరలో గార్నెట్‌తో పాటు హెమటైట్ (ఐరన్ ఆక్సైడ్) పుడుతుంది. పొడిని 900 నుంచి 1000 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాల్చి, డెసికేటర్‌లో చల్లార్చి, వెంటనే తూకం వేయండి. ఈ ఒక్క పని శ్రద్ధగా చేస్తే సగం ఇబ్బందులు ఉండవు.

పొర వేశాక ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో ఎక్కడ చూడాలో చెబుతాను. రాగి ఎక్స్‌రేతో గార్నెట్ ముఖ్య శిఖరం రెండు థీటా విలువ 32.3 డిగ్రీల దగ్గర వస్తుంది. 33.1 దగ్గర శిఖరం ఉంటే అది హెమటైట్ గాని యిట్రియం ఆర్థోఫెరైట్ గాని, రెండూ అక్కడే పడతాయి కనుక ఆ ఒక్క శిఖరంతో ఏదో తేల్చకండి, మిగతా శిఖరాలు చూడండి. 28.5 దగ్గర శిఖరం సీరియం ఆక్సైడ్‌ది. అది కనిపించిందంటే సీరియం గార్నెట్ లోపలికి వెళ్లకుండా విడిగా ఉండిపోయింది. దానికి ఎక్కువగా కారణం ఆక్సిజన్. మనకు కావలసింది మూడు ధనావేశాల సీరియం. ఆక్సిజన్ ఎక్కువైతే అది నాలుగుకు మారుతుంది, భ్రమణం పడిపోతుంది, నష్టం పెరుగుతుంది. ఆక్సిజన్ మరీ తక్కువైతే ఇనుము రెండు ధనావేశాలకు దిగి మళ్లీ నష్టమే. మంచి పొర ఈ రెండింటి మధ్య ఉన్న ఇరుకైన చోట దొరుకుతుంది. ఎనీలింగ్ సమయంలో ఆక్సిజన్ పీడనాన్ని మార్చుతూ ఈ ఇరుకు ఎక్కడుందో మీ యంత్రానికి గుర్తించడమే ఎం.టెక్.కు చాలినంత మంచి పని. సీరియం అనగానే గుర్తొచ్చింది, ఆంధ్ర తీరపు ఇసుకలోని మోనజైట్‌లో అది ముఖ్యమైన మూలకం. మన సముద్రపు ఒడ్డున దొరికే మూలకమే మీ టార్గెట్‌లో కీలకం కావడం నాకు ఎంతో నచ్చుతుంది.

వేవ్‌గైడ్‌లను మీరు తయారు చేయనక్కర లేదు. సిలికాన్ ఫోటానిక్స్ మల్టీ ప్రాజెక్ట్ వేఫర్ సేవల్లో (పలువురి డిజైన్‌లను ఒకే వేఫర్ మీద చేసిచ్చేవి) కొన్ని, సెన్సర్ల కోసం వేవ్‌గైడ్ పైన ఉన్న ఆక్సైడ్‌ను తెరిచి విండో ఇస్తాయి. ఆ విండోలో గార్నెట్ వేయండి. అయితే లోహపు హీటర్లు లేని చిప్‌నే అడగండి, అప్పుడు 400 డిగ్రీల హద్దు మీకు వర్తించదు. మన దేశంలో ఐఐఎస్సీ, ఐఐటీ బొంబాయి వంటి చోట్ల నానోఫ్యాబ్ సదుపాయాలను బయటి విద్యార్థులకు ఐఎన్‌యూపీ (ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్) పథకం అందిస్తోంది, ఐ-స్టెమ్ పోర్టల్‌లో పరికరాలు వెతుక్కోవచ్చు. ఐఐటీ మద్రాసులో ఫోటానిక్ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌ల కేంద్రం ఉంది. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం మన రాష్ట్రానికి ఒక చిప్ ప్యాకేజింగ్ యూనిట్‌ను ఆమోదించింది. ఐసోలేటర్ చేరవలసింది ప్యాకేజింగ్ దగ్గరే అని నేను అనేది నిజమైతే, ఈ విద్య నేర్చుకున్నవారికి పని మన రాష్ట్రంలోనే దొరికే రోజు రావచ్చు.

చివరగా కొలత. ఈ రంగంలో తప్పుడు ఫలితాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే కనుక గట్టిగా చెబుతున్నాను. ముందుకూ వెనక్కూ కాంతి వేరువేరుగా దాటినంత మాత్రాన అది ఐసోలేటర్ కాదు. ఒక వైపు ఒక మోడ్, మరో వైపు వేరే మోడ్ పంపి కొలిస్తే ఏ మామూలు చిప్ అయినా తేడా చూపిస్తుంది. ఫైబర్లను విప్పి అటుది ఇటు, ఇటుది అటు మార్చి కొలవకండి. తిరిగి అమర్చేటప్పుడు గ్రేటింగ్ కప్లర్ (ఫైబర్ కాంతిని చిప్‌లోకి దింపే గీతల భాగం) దగ్గర ఒక మైక్రోమీటర్ పక్కకు జరిగినా తేడా వచ్చేస్తుంది, దాన్ని మీరు ఐసోలేషన్ అనుకుంటారు. రెండు ఇన్‌పుట్, రెండు అవుట్‌పుట్ పోర్టులున్న ఆప్టికల్ స్విచ్ ఒకటి పెట్టి, ఫైబర్లను ముట్టుకోకుండా దిశ మార్చండి.

మూడు స్పెక్ట్రమ్ జతలు తీయండి. అయస్కాంతం లేకుండా, ఒక దిశలో అయస్కాంతంతో, దాన్ని తిప్పి పెట్టి. అయస్కాంతం లేనప్పుడు ముందు, వెనక స్పెక్ట్రమ్‌లు ఒకదాని మీద ఒకటి పడాలి. పెట్టినప్పుడు విడిపోవాలి. తిప్పినప్పుడు ముందుది వెనకది చోటు మార్చుకోవాలి. మూడూ జరిగితేనే అది గార్నెట్ పని. మీరు రింగు వాడితే మరో జాగ్రత్త: సిలికాన్ రింగు రెజొనెన్స్ ఒక డిగ్రీ వేడికి సుమారు 0.07 నానోమీటర్లు జరుగుతుంది. అయస్కాంతం ఇచ్చే విడిపోవడం కూడా నానోమీటర్‌లో పదో వంతు స్థాయిలోనే ఉంటుంది. గదిలో స్ప్లిట్ ఏసీ కంప్రెసర్ ఆగి మళ్లీ మొదలైనప్పుడల్లా రెజొనెన్స్ అటూ ఇటూ నడవడం స్క్రీన్ మీద కంటికి కనిపిస్తుంది. చిప్ కింద ఉష్ణోగ్రతను పట్టి ఉంచే థర్మోఎలెక్ట్రిక్ బల్ల లేకుండా రింగు జోలికి వెళ్లకండి. ఆ బల్లకూ లేజర్‌కూ యూపీఎస్ తప్పనిసరి, కరెంటు ఒక్క క్షణం పోయినా గంటల కొలత పోతుంది.

గైడ్ గారితో మాట్లాడి మాక్-జెండరా, రింగా తేల్చుకోండి. నేనైతే మొదటిసారికి మాక్-జెండర్ ఎంచుకుంటాను, తరంగదైర్ఘ్యం విషయంలో అది రింగు కన్నా ఎంతో సహిస్తుంది. తర్వాత విండో వెడల్పు, పొర మందం, టీఎం మోడ్‌లో కాంతి ఎంత భాగం గార్నెట్‌లో ఉంటోంది, ఈ మూడు అంకెలు సిమ్యులేషన్‌లో తీసి ఇక్కడే రాయండి. వేఫర్ సేవకు డిజైన్ పంపడానికి ముందే వాటిని చూసి, చేతి పొడవు ఎంత పెట్టాలో చెబుతాను.